కొండ నుంచి గదికి

వాళ్లిద్దరి పరిచయం తగాదాతో మొదలైంది. అది కూడా ఒకరి ముఖం ఒకరు చూడకుండానే.

"కొండ నుంచి గదికి. నాలుగో మర ఆపండి."

"గది నుంచి కొండకి. ఎందుకు ఆపాలి?"

"రాబందు వస్తోంది."

"కచ్చితంగా రాబందేనా? మీకు ముందున్నాయన కూడా ఇలాగే రాబందంటే ఆపాం. తీరా చూస్తే మామూలు గద్ద. మా మేనేజర్ గారు నా మీద ఎగిరారు."

"మీ మేనేజర్ గారు కాసేపు ఎగిరి ఆగిపోతారు. ఇది ఆగదు. ముందు మర ఆపండి, తర్వాత తీరిగ్గా పోట్లాడుకుందాం."

మర ఆగింది. అంత పెద్ద రెక్కలు ఒక్కసారిగా ఆగవు. ఇష్టం లేని పనికి లేచిన మనిషిలా మెల్లగా నెమ్మదించి, చివరికి నిలబడ్డాయి. వాటి పక్కనుంచి ఒక పెద్ద నల్లటి పక్షి రెక్కాడించకుండా జారుకుంటూ పోయి, గట్టు దాటి, ఎండలో కలిసిపోయింది.

"అందింది," అన్నాడు అతను. విన్నాననీ, చెప్పినట్టు చేశాననీ ఆ మాటకు అర్థం. ఆ మాటలో కోపం ఉందో లేదో ఆమెకు తెలియలేదు.

ఆ కొండ గట్టు పొడుగునా గాలిమరలు ఉన్నాయి. చలికాలం ముందు పెద్ద పక్షులు దక్షిణానికి వెళ్లే దారి కూడా అదే. అందుకని కంపెనీ ఒక ఏర్పాటు చేసింది. గట్టు మీద బండరాయి పక్కన రేకుల గుడిసె, అందులో టెలిస్కోపుతో ఒక మనిషి. రాబందో, ఈగిల్ పక్షో వస్తోందని ఆ మనిషి చెబితే కింద కంట్రోల్ రూమ్‌లో మర ఆపాలి. గద్దలకు మాత్రం ఆపరు. అవి పొద్దస్తమానం తిరుగుతూనే ఉంటాయి, వాటికోసం ఆపితే ఇక మరలు తిరిగేదెప్పుడని కంపెనీ వాదన. కాబట్టి దూరంగా ఆకాశంలో ఒక నల్ల చుక్క కనిపించగానే అది ఏ పక్షో చెప్పడమే ఆ పని. ఆలస్యంగా చెబితే పక్షి పోతుంది. తప్పుగా చెబితే కరెంటు పోతుంది.

వాకీటాకీలో పేర్లు వాడకూడదని రూలు. పైన కూర్చున్న ఆమె కొండ. కింద స్విచ్చుల ముందు కూర్చున్న అతను గది. మరల స్తంభాలెక్కి బోల్టులు బిగించే మెకానిక్కులందరూ టవర్. ఛానల్ ఒక్కటే. ఎవరు ఏం మాట్లాడినా అందరూ వింటారు.

ఆమె పనిచేసే పక్షుల ఆఫీసు జీపు ఆమెను అవతలి వైపు దారిలో తెచ్చి గట్టు మీద దింపేది, సాయంత్రం మళ్లీ అటునుంచే తీసుకెళ్లేది. అతను గాలి ఉన్నంతసేపూ కుర్చీ వదలకూడదు. అందువల్ల పొద్దంతా మాట్లాడుకుంటున్నా, ఇద్దరూ ఒకరినొకరు చూసుకునే వీలు లేకపోయింది. కొండమీద ఫోను పలకదు. సాయంత్రం జీపు ఎక్కేముందు ఆమె ఛానల్‌లో ఒక్క మాట చెప్పేది.

"కొండ నుంచి గదికి. వెళ్లొస్తాను."

"అందింది."

మొదట్లో అతను ఆమె చెప్పిన ప్రతిసారీ కచ్చితమా అని అడిగేవాడు. ఆమె ప్రతిసారీ గుర్తులు చెప్పేది. కొన్నాళ్లకు అడగడం తగ్గించాడు. తర్వాత మానేశాడు. ఆమె "నాలుగో" అనేసరికే అతని చెయ్యి నాలుగో స్విచ్చు మీద ఉండేది. మేనేజర్ వచ్చి ఇన్నిసార్లు ఎందుకు ఆపావని కేకలేస్తే, కొండ చెప్పింది సార్ అనేవాడు. అంతకంటే వివరం ఇచ్చేవాడు కాదు. ఆ సంగతి టవర్ వాళ్ల ద్వారా ఆమె దాకా వచ్చింది. ఆ రోజు "వెళ్లొస్తాను" అన్నప్పుడు ఆమె గొంతు కొంచెం మెత్తగా ఉంది.

ఒకరోజు పొద్దున్నుంచీ వాన. వానలో పెద్ద పక్షులు ఎగరవు. వేడి గాలి పైకి లేస్తే తప్ప వాటికి బరువు మోయడం కష్టం. గాలి కూడా లేక మరలు నిలబడిపోయాయి. ఇద్దరికీ పని లేదు. గుడిసె రేకుల మీద వాన చప్పుడు వాకీటాకీలో అతనికి వినిపిస్తోంది.

అన్నీ నల్లగానే ఉంటాయి కదా, మీకు ఎలా తెలుస్తుందని అడిగాడు. చాలా రోజులుగా అడగాలనుకున్నాడట.

ఆమె చెప్పింది. ఎండకు ఎదురుగా ఏ పక్షైనా నల్లగానే ఉంటుంది గనుక రంగును నమ్మకూడదు. సైజును అసలే నమ్మకూడదు, దగ్గరలో ఉన్న గద్ద దూరాన ఉన్న రాబందంత కనిపిస్తుంది. గద్దకు తోక చివర చీలిక ఉంటుంది, ఆ తోకను అటూ ఇటూ తిప్పుతూనే ఉంటుంది. రాబందుకు తోక పొట్టి, తల భుజాల్లోకి ముడుచుకుని అసలు లేనట్టే ఉంటుంది, రెక్కలు కొంచెం పైకెత్తి పట్టుకుంటుంది. ఈగిల్‌కు తల ముందుకు పొడుచుకొస్తుంది, రెక్కలు పలకలా చాపుతుంది.

"ఒక్క గుర్తు చూసి పేరు పెట్టకూడదండీ. కనీసం మూడైనా కలవాలి. తొందరపడితే తప్పు చెప్తాం."

"మనుషులక్కూడా ఇదే రూలా?"

"మనుషుల్ని నేను పైనుంచి చూస్తాను. నడినెత్తి తప్ప ఏమీ కనిపించదు."

"నన్నెప్పుడైనా చూశారా?"

"ఆ యార్డులో తిరిగేవాళ్లలో మీరెవరో నాకేం తెలుసు?"

ఆమె టెలిస్కోపు యార్డు వైపు తిప్పింది. కంట్రోల్ రూమ్ తలుపు తెరుచుకుంది. ఒక మనిషి గొడుగు లేకుండా వానలోకి వచ్చాడు. గొడుగు వేసుకుంటే పైనుంచి కనిపించనని అనుకున్నాడు కాబోలు. గేటు దాకా నడిచి, వెనక్కి తిరిగి మళ్లీ నడిచాడు. ఎడమ భుజం కొంచెం దించి, కుడి చెయ్యి గింజలు చల్లుతున్నట్టు బారుగా ఊపుతూ నడుస్తున్నాడు. ముఖం వాన తెరలో చెదిరిపోయింది.

"చూశాను. ఇక లోపలికి వెళ్లండి, జ్వరం వస్తుంది."

"మరి మీరు?"

ఆమె పసుపు రంగు రెయిన్‌కోటు తొడుక్కుని బండరాయి ఎక్కి నిలబడింది. అతని దగ్గర బైనాక్యులర్స్ లేవు.

"పసుపు చుక్క కనిపిస్తోంది," అన్నాడు.

"ఒక్క గుర్తే కదా. అప్పుడే పేరు పెట్టకండి."

అప్పుడు ఛానల్‌లో మూడో గొంతు పలికింది. "టవర్ నుంచి కొండకీ గదికీ. ఇద్దరూ తడిసింది చాలు. మా టీ ఎప్పుడొస్తుందో ఎవరైనా కనుక్కుంటారా?"

మర్నాడు మేనేజర్ ఛానల్‌లో పని మాటలు తప్ప మరేమీ వినపడకూడదని హుకుం జారీ చేశాడు. దాంతో అతను ఏదైనా చెప్పాలనుకున్నా చెప్పే దారి లేకపోయింది. చెప్పాలనుకున్న వాటిలో ఒకటి, తన అన్నయ్య వేరే చోటినుంచి బదిలీ మీద ఇక్కడికే టవర్ మెకానిక్‌గా వచ్చాడని.

అన్నదమ్ములిద్దరికీ పోలికలు వేరు. ముక్కు వేరు, రంగు వేరు. కానీ తండ్రి నడక మాత్రం ఇద్దరికీ అచ్చంగా వచ్చింది. ఎడమ భుజం దించడం, కుడి చెయ్యి ఊపడం, అంతా ఒకటే. చిన్నప్పుడు వీధి చివర వెళ్తుంటే వెనకనుంచి చూసి తల్లి కూడా ఒకరనుకుని ఇంకొకరిని పిలిచేది.

ఒక మధ్యాహ్నం ఆకాశం ఖాళీగా ఉంది. ఆమె టెలిస్కోపు ఊరికే యార్డు వైపు తిరిగింది. ఊరికే అని ఆమె అనుకుంది గానీ, ఈమధ్య అది రోజూ అటే తిరుగుతోంది. గేటు దగ్గర స్కూటర్ ఆగి ఉంది. ఒకావిడ భోజనం డబ్బా పట్టుకుని నిలబడింది. పక్కనే చిన్నపిల్ల. కంట్రోల్ రూమ్ వైపునుంచి ఒకతను వస్తున్నాడు. ఎడమ భుజం దించి, కుడి చెయ్యి ఊపుతూ. పిల్ల పరుగెత్తుకెళ్లింది. అతను పిల్లను ఎత్తి మెడమీద కూర్చోబెట్టుకున్నాడు. ఆవిడ అతని చొక్కా కాలరు సరిచేసి, ఏదో అని నవ్వింది. అలా సరిచేయడం ఒక్క భార్యే చేయగలదు.

ఆమె టెలిస్కోపును మెల్లగా ఆకాశం వైపు తిప్పేసింది. చాలాసేపు దాంట్లోంచి చూసింది గానీ, ఏం చూసిందో ఆమెకే తెలియదు.

ఛానల్‌లో అడగడానికి లేదు. అందరూ వింటారు. అడిగినా ఏమని అడగాలి? అతను తనకేమీ మాట ఇవ్వలేదు. వానలో గొడుగు లేకుండా నడిచాడు, అంతే. దానికే ఇంత ఊహించుకున్నందుకు తనమీద తనకే చిరాకు వేసింది.

ఆ సాయంత్రం "వెళ్లొస్తాను" వినపడలేదు. "డ్యూటీ అయింది," అన్న మాట వినపడింది.

అతను కాసేపు వాకీటాకీ వైపే చూస్తూ కూర్చున్నాడు. మర్నాడూ అంతే. మర ఆపమనడం, మర వదలమనడం, డ్యూటీ అయింది. తను ఏం తప్పు చేశాడో అతనికి అంతుపట్టలేదు. వానలో నడవడం అతి చేసినట్టయిందేమోనని కూడా అనుకున్నాడు.

ఇంట్లో అన్నం దగ్గర వదిన పట్టేసింది.

"ఏమయ్యా మరిదీ, కంచంలో గీతలు గీస్తున్నావు? కొండ కదిలిందా?"

అన్నయ్య రోజూ ఇంటికొచ్చి ఛానల్‌లో విన్నదంతా పొల్లుపోకుండా చెప్పేవాడు. అందువల్ల ఆ ఇంట్లో కొండ సంగతి అందరికీ తెలుసు. అన్నయ్యే జవాబు చెప్పాడు. కొండకు బదిలీ అట, సముద్రం ఒడ్డున ఇంకో గట్టు మీదికి వెళ్తోందట, తనే అడిగి వేయించుకుందట, జీపు డ్రైవరు చెప్పాడట. ఎల్లుండి పొద్దున్నే ప్రయాణం.

అతని చెయ్యి కంచంలోనే ఆగిపోయింది. తను ఆమె ముఖం ఎప్పుడూ చూడలేదు. చూడకుండానే వెళ్లిపోతుందన్నమాట. రోజూ వినే గొంతు ఒకరోజు వినపడకుండా పోతే, ఎక్కడని వెతుక్కోవాలి? వీధిలో పక్కనుంచి వెళ్లినా గుర్తుపట్టలేడు.

"ఎందుకు వెళ్తోందో అడిగావా?" అంది వదిన.

"ఛానల్‌లో ఎలా అడుగుతాను వదినా? అందరూ వింటారు."

"అయితే కొండెక్కి అడుగు. కాళ్లు లేవా? మీ ఇంటి నడక అంత బాగుంటుంది కదా, దాన్ని కాస్త పనికొచ్చే చోట నడువు."

మర్నాడు ఆమెకు గట్టు మీద ఆఖరి రోజు. గుడిసెలో తన వస్తువులు సంచిలో సర్దేసింది. రెయిన్‌కోటు అడుగున పెట్టింది. ఎండ బాగా ఎక్కాక ఉత్తరం వైపున రెండు చుక్కలు కనిపించాయి. రెండూ పక్కపక్కనే, తిన్నగా నాలుగో మర వైపు.

"కొండ నుంచి గదికి. నాలుగోది ఆపండి."

"ఎందుకమ్మా?" అంది ఒక ముసలి గొంతు.

అది అతని గొంతు కాదు. రిటైర్మెంటుకు దగ్గరపడిన పెద్ద ఆపరేటర్ గొంతు. ఆఖరి రోజు కూడా అతను లేడు. సెలవు పెట్టి ఇంట్లో పిల్లతో ఆడుకుంటున్నాడేమో అనుకుంది ఆమె. అనుకుంటూనే టెలిస్కోపులోంచి కన్ను తియ్యలేదు.

"రాబందుల జంట. తొందరగా ఆపండి."

"పొద్దున్నుంచీ ఆపుతూనే ఉన్నాం తల్లీ. మేనేజర్ గారు పక్కనే ఉన్నారు. కచ్చితంగా రాబందులేనంటావా? గద్దలు కావు కదా?"

"తోక పొట్టి. తల కనపడటం లేదు. రెక్కలు పైకెత్తి..."

అప్పుడు ఇంకో గొంతు అడ్డొచ్చింది. ఆయాసంతో తెగిపోతున్న గొంతు.

"సార్, ఆపండి. ముందు ఆపండి. ఆవిడ చెప్తే అడగక్కర్లేదు. ఇంతవరకు ఒక్కసారి కూడా తప్పు చెప్పలేదు. మేనేజర్ గారు ఏమన్నా నేను పడతాను."

నాలుగో మర నెమ్మదించింది. నిలబడింది. రెండు రాబందులు దాని రెక్కల ఎత్తులోనే, ఒకదాని వెనక ఒకటి, ఏమీ జరగనట్టు దాటిపోయాయి. అవి గట్టు దిగి కనుమరుగయ్యేదాకా ఆమె చూసింది. అప్పుడు ఊపిరి వదిలింది. ఆ తర్వాత ఆ ఆయాసం సంగతి గుర్తొచ్చింది. కుర్చీలో కూర్చున్న మనిషికి అంత ఆయాసం ఎందుకు?

టెలిస్కోపు యార్డు వైపు తిప్పింది. గేటు దగ్గర స్కూటర్ ఉంది. ఆవిడ ఉంది. ఎడమ భుజం దించి, మెడమీద పిల్లను ఎక్కించుకుని అతను ఉన్నాడు. నోరు మూసుకునే ఉన్నాడు. చేతిలో వాకీటాకీ లేదు.

ఆమె చేతిలోని వాకీటాకీ మాత్రం మాట్లాడుతోంది. "కొండా, దిగిపోకండి. వస్తున్నాను. ఇంకొంచెమే ఉంది."

ఆమె కాలిబాట పొడుగునా టెలిస్కోపు తిప్పింది. సగం పైన, ముళ్లపొదల మధ్య, ఒక మనిషి ఎక్కుతున్నాడు. ఎడమ భుజం దించి, కుడి చెయ్యి ఊపుతూ. మళ్లీ యార్డు చూసింది. అక్కడా ఉన్నాడు. మళ్లీ కాలిబాట చూసింది. ఇక్కడా ఉన్నాడు.

ఆమె టెలిస్కోపు వదిలేసి బండరాయి మీద కూర్చుంది. కొత్తగా పనిలో చేరినవాళ్లకు తను మొదటిరోజే చెప్పే మాట, తనే మర్చిపోయింది. ఒక్క గుర్తు.

అతను పైకొచ్చేసరికి ముఖమంతా చెమట, మోచేతి మీద ముల్లు గీరిన గాటు. గొంతు విని ఆమె ఊహించుకున్నంత పొడుగు లేడు. అతనేమో ఆమె ఇంకా పెద్దదై ఉంటుందనుకున్నాడు. మేనేజర్‌నే లెక్కచెయ్యని ఆ గొంతుకు ఇంత చిన్న మనిషా అని ఆశ్చర్యపోయాడు. అంతకాలం మాటలే తప్ప ముఖాలు లేనివాళ్లకు, ముఖాలు ఎదురయ్యేసరికి మాటలు పోయాయి.

"నేనేం తప్పు చేశానో చెప్పి వెళ్లండి," అన్నాడు చివరికి.

"మీరు కాదు. తప్పు నేనే చెప్పాను. ఒక్కసారి కూడా చెప్పలేదని అందరూ వినేలా అన్నారు కదా, అది నిజం కాదు."

"ఏ పక్షిని?"

"పక్షిని కాదు. మీకు పెళ్లయిందనుకున్నాను."

"నాకా? ఎవరు చెప్పారు?"

"నేనే చూశాను. టెలిస్కోపులో. పాపను ఎత్తుకున్నారు. ఆవిడ కాలరు సరిచేసింది."

అతను కిందికి, యార్డు వైపు చూశాడు. విషయం అర్థమయ్యాక నేలమీద కూలబడి నవ్వాడు. "అది మా అన్నయ్యండీ. ఆవిడ మా వదిన. ఆ నడక మా నాన్నది, ఇద్దరికీ సమంగా పంచిపెట్టాడు."

"తేడా తెలిసేలా ఇంకేదైనా ఇవ్వాల్సింది."

"తేడాలున్నాయి. దగ్గరనుంచి చూడాలి."

ఆమె చూసింది. అతను కూడా నవ్వు ఆపి చూశాడు.

"మీరు వెళ్లడం నాకు ఇష్టం లేదు," అన్నాడు. "ఎందుకు వెళ్తున్నారో అడగడానికి వచ్చాను, కానీ ఇదే ముందు చెప్పాల్సిందేమో. రేపటినుంచి ఆ ఛానల్‌లో ఇంకెవరి గొంతో వినపడుతుందంటే నాకు ఆ కుర్చీలో కూర్చోబుద్ధి కావడం లేదు."

ఆమె జవాబు చెప్పేలోగా ఆమె చూపు అతని చేతిమీద పడింది. ఎక్కేటప్పుడు బిగించి పట్టుకున్న వాకీటాకీ ఇంకా అలాగే ఉంది. బొటనవేలు బటన్ మీదే ఉంది. అతనూ చూసుకుని, కాలినట్టు వేలు తీసేశాడు.

"టవర్ నుంచి కొండకి," అంది గేటు దగ్గర కాపలావాడి సెట్టులోంచి ఒక గొంతు. "తేడా ఏంటంటే, నాకు పెళ్లయింది."

వెంటనే ఒక ఆడగొంతు ఆ సెట్టు లాక్కుంది. "అమ్మాయ్, నేను వదినను. మా మరిదికి పెళ్లి కాలేదు. ఆ పూచీ నాది. ఇద్దరూ కిందికి దిగి రండి, అన్నం చల్లారిపోతోంది."

ఆ తర్వాత మేనేజర్ గొంతు వినపడింది. అతను ఏం కేకలేస్తాడోనని ఇద్దరూ బిక్కచచ్చిపోయారు. నాలుగోది ఇక వదలొచ్చా అని మాత్రం అడిగాడు.

అయితే బదిలీ కాగితం అప్పటికే సంతకమైపోయింది. అక్కడి మనిషి వెళ్లిపోయాడు, ఇక్కడికి కొత్త మనిషి బయలుదేరింది. తొందరపడి అడిగి వేయించుకున్నది తొందరగా రద్దు కాదు. కొండ దిగుతున్నంతసేపూ ఆమె ఆ సంగతే చెప్పలేక చెప్పింది. పక్షులు ఎండాకాలం ముందు మళ్లీ ఉత్తరానికి వెళ్లేది ఈ గట్టు మీదుగానే, అప్పటికి తిరిగి ఇక్కడికే వేయమని అడుగుతానంది. అతను తలూపాడు. చేతికి అందిన రోజే వదులుకోవలసి రావడం ఏమిటని అనలేదు. ఆమెకు అది తెలుసు కాబట్టి మళ్లీ అనడం ఎందుకనుకున్నాడు.

వదిన ఆమెను చూసి, అటూ ఇటూ తిప్పి మళ్లీ చూసి, అన్నం పెట్టింది. నువ్వు వచ్చేలోగా మా అత్తగారితో నేను మాట్లాడి ఉంచుతాను, మీ ఇంట్లో ఎవరితో మాట్లాడాలో చెప్పి వెళ్లు అంది. ఆమె తన తల్లి ఫోను నంబరు చెప్పింది. వదిన వెంటనే తన ఫోనులో వేసుకుంది. పాప ఆమె బైనాక్యులర్స్ తిరగేసి పట్టుకుని, బాబాయ్ చిన్నగా అయిపోయాడని అందరికీ చూపించింది.

మర్నాడు పొద్దున జీపు యార్డు ముందునుంచే వెళ్లింది. ఆమె డ్రైవరును అడిగి అటు రప్పించింది. గేటు బయట అన్నదమ్ములిద్దరూ నిలబడి ఉన్నారు. ఒకే రంగు యూనిఫారం, ఒకే తీరు నిలబడటం. జీపు వెనకే రోడ్డు పొడుగునా కాస్త దూరం నడిచారు. ఇద్దరూ ఎడమ భుజం దించి, ఇద్దరూ కుడి చెయ్యి ఊపుతూ. దుమ్ములో ముఖాలు కలిసిపోయాయి.

ముందున్న మలుపు దాటితే వాకీటాకీ అందదు. ఆమె వెనక్కి తిరిగి, బటన్ నొక్కింది.

"కొండ నుంచి గదికి. ఎడమవైపు ఉన్నది మీరు."

"గుర్తులు చెప్పండి."

"మీ అన్నయ్య ఆగిపోయారు. మీరు ఇంకా నడుస్తున్నారు."

"ఒకటి."

"మోచేతికి కట్టు."

"రెండు. మూడోది?"

జీపు మలుపు తిరుగుతోంది. చప్పుడు మొదలైంది, మాటలకు చిల్లులు పడుతున్నాయి.

"మూడోది వచ్చాక చెప్తాను," అంది ఆమె. "వెళ్లొస్తాను."

గట్టు అడ్డొచ్చేసింది. గరగర మధ్యలోంచి, బాగా దూరంనుంచి, ఒక్క మాట వినిపించింది.

"అందింది."